మలక్‌పేట రేసులు: గడిచిన పందేల లెక్క, డెక్కన్ డెర్బీకి నా ఎంపిక

ఈ వానాకాలం సీజన్‌లో నా డబ్బును కాపాడినవి రెండే: ఎస్‌హెచ్‌పీ టికెట్లు (గుర్రం రెండోదిగా వస్తేనే డబ్బు), మధ్య ధరలో ఉన్న గుర్రాల మీద కొన్న ప్లేస్ టికెట్లు (మొదటి కొన్ని స్థానాల్లో వస్తే చాలు). ఫేవరెట్ల మీద, అంటే జనం ఎక్కువగా కాసే తక్కువ ధర గుర్రాల మీద, విన్ (గెలుస్తుందని) కాసే రోజులు పోయాయి. ఎందుకు పోయాయో లెక్క వేసి చూపిస్తాను. హైదరాబాద్ రేసులకు కొత్తగా వెళ్ళాలనుకునేవాళ్ళకు కూడా పనికొస్తుంది.

నేను సైదాబాద్‌లో ఉంటాను. ఒక విత్తనాల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. అందుకే కొన్న ప్రతి టికెట్టూ పుస్తకంలోకి ఎక్కుతుంది. గుర్రం నంబరు, దూరం, మోస్తున్న బరువు, ధర, ఎందుకు కాశాను, ఏమయింది. ఆ 'ఎందుకు' గడిలో రాయడానికి ఏమీ లేకపోతే ఆ రేసు ఊరికే చూస్తాను. నాతో వచ్చేది మా చిన్నాయన. జీవితమంతా గుర్రాల కొట్టాల్లో సైసుగా, అంటే గుర్రాలను చూసుకునే పనివాడిగా, పనిచేసిన మనిషి. రేస్ బుక్ (ఆ రోజు గుర్రాల వివరాల పుస్తకం) చదవడం నా పని, గుర్రాన్ని చూడడం ఆయన పని. ఇద్దరి మాటా ఒకటైతేనే కౌంటర్ దగ్గరకు వెళ్తాం. రోజుకు పెట్టేది వెయ్యి రూపాయలు, పన్నుతో కలిపి. అది అయిపోతే మళ్ళీ పర్సు తెరవడం ఉండదు, మిగిలితే ఇంటికి తెస్తాను.

ముందు చోటు గురించి. మెట్రోలో మలక్‌పేటలో దిగితే నడిచి వెళ్ళొచ్చు. హైదరాబాద్‌లో గుర్రప్పందాలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని 1886లో మలక్‌పేటకు, తన మహబూబ్ మాన్షన్ దగ్గరకు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ పక్కనంతా మార్కెట్ యార్డు. ఉల్లిగడ్డ లారీలు, ఆటోలు, హారన్లు దాటుకుని గేటు లోపలికి వస్తే తడిసిన పచ్చిక వాసన. నగరం నడిమధ్య ఇంత ఖాళీ ఆకాశం చూడాలంటే నాకు తెలిసి చాలా కొద్ది చోట్లే ఉన్నాయి. పందెం కాయకపోయినా ఒక మధ్యాహ్నం గడపడానికి ఇది మంచి చోటు. ఆడవాళ్ళు రారని చాలామంది అనుకుంటారు. వస్తారు. సీజన్‌లో పెద్ద రేసైన డెర్బీ రోజు ఇంకా ఎక్కువ మంది వస్తారు.

కానీ మలక్‌పేటలో నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసేది ప్యాడక్‌కు. రేసుకు ముందు గుర్రాలను సైసులు గుండ్రంగా నడిపిస్తారు. రైలింగ్ దగ్గర నిలబడితే గుర్రం ఊపిరి వినిపిస్తుంది. జాకీ ఎక్కేముందు ట్రైనర్ ఏం చెప్తున్నాడో వినపడదు గానీ, గుర్రం మాత్రం దాచుకోకుండా అన్నీ చూపిస్తుంది. ఇక్కడే కూర్చుని తెర మీద పుణె, మైసూరు, బెంగళూరు రేసులకు కూడా కాయొచ్చు. నేను కాయను. తెర మీద గుర్రం నడక కనిపిస్తుంది గానీ చెమట కనిపించదు.

ఆ చెమట సంగతి చెప్పాలి. ఆమధ్య 1,200 మీటర్ల రేసు ఒకటి, 20 నుంచి 45 రేటింగ్ (గుర్రం బలాన్ని చెప్పే అంకె) ఉన్న గుర్రాలకు. ఫేవరెట్ ధర 6/10, అంటే పదికి ఆరు లాభం. పేరున్న జాకీ, కిందటిసారి గెలిచిన గుర్రం, రేస్ బుక్‌లో ఒక్క మచ్చ లేదు. ప్యాడక్‌లో ఒళ్ళు మెరుస్తోంది. నాకైతే బాగానే కనిపించింది. చిన్నాయన మాత్రం రైలింగ్ పట్టుకుని వంగి, దాని వెనక తొడల మధ్య చూశాడు.

"బిడ్డా, ఆ నురగ జూడు. సబ్బు నురగ లెక్క తెల్లగుంది. ఇది గేటు కాడికి పోకముందే సగం రేసు ఉరికింది."

వానాకాలం ఉక్కకు మెడ మీద, భుజాల మీద చెమట ప్రతి గుర్రానికీ పడుతుంది. దానికి భయపడక్కర్లేదు. తొడల మధ్య తెల్లటి నురగ కట్టి, తల పదేపదే ఎగరేస్తూ, సైసును పక్కకు లాగుతుంటే అది వేడి కాదు, బెదురు. రేసు మొదలయ్యే గేటు దగ్గరకు వెళ్ళేసరికి ఆ గుర్రంలో బలం సగమే మిగులుతుంది. ఆ ఫేవరెట్ పక్కనుంచే 7 నంబరు నడిచింది. బే (గోధుమ) రంగు ఆడ గుర్రం, పెద్ద అందగత్తె కాదు. చెవులు ముందుకు పెట్టి, తాడు వదులుగా ఉన్నా సైసు వెంట బుద్ధిగా నడుస్తోంది. చిన్నాయన దాన్ని చూసి తల ఊపాడు, అంతే.

నా పుస్తకంలో ఆ 7 నంబరుకు కారణాలు అప్పటికే ఉన్నాయి. అంతకుముందు అది 40 నుంచి 65 క్లాసులో పరిగెత్తింది. అక్కడ తనకన్నా బలమైన గుర్రాల వెనక నాలుగోదిగా వచ్చింది. రేటింగ్ తగ్గి కింది క్లాసుకు దిగింది. కింది క్లాసుకు దిగిన గుర్రానికి అక్కడ అందరికన్నా ఎక్కువ బరువు పడుతుంది, అది మామూలే. అయితే దాని మీద ఎక్కింది అప్రెంటిస్, అంటే ఇంకా పని నేర్చుకుంటున్న జాకీ కుర్రాడు. అప్రెంటిస్‌కు బరువులో మినహాయింపు ఉంటుంది కాబట్టి ఆ భారం కొంత దిగిపోయింది. ట్రాక్ వర్క్‌లో (రేసుకు ముందు రోజుల సాధన పరుగులో) 600 మీటర్లు 45 సెకన్లలో వచ్చింది, పక్కన 'ఈజీ' అని ఉంది. ధర 7/1. ప్లేస్, ఎస్‌హెచ్‌పీ రెండూ కొన్నాను.

చివరి 200 మీటర్లలో ముందున్న గుర్రాన్ని పట్టుకోవడానికి ఆ కుర్రాడు చేసిన ప్రయత్నం నేను మరిచిపోను. కర్ర మీద ఆధారపడకుండా చేతులతోనే గుర్రాన్ని నడిపించాడు. నెక్ (గుర్రం మెడ పొడవు) తేడాతో రెండోది. ఫేవరెట్ నాలుగు. ప్లేస్ పది రూపాయలకు 24 ఇచ్చింది, ఎస్‌హెచ్‌పీ 58.

ఎస్‌హెచ్‌పీ గురించి తెలియనివాళ్ళ కోసం: సెకండ్ హార్స్ పూల్. మన గుర్రం కచ్చితంగా రెండో స్థానంలోనే రావాలి. గెలిచినా డబ్బు రాదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, కొన్ని గుర్రాలకు ఇది అచ్చంగా సరిపోతుంది. ఆలస్యంగా పుంజుకునే గుర్రం, ఎవరో ఒకరు ముందే తప్పించుకుపోయే రేసుల్లో పరిగెత్తే గుర్రం, బలముండీ చివరి అడుగులో తల ముందుకు పెట్టనిది. రికార్డు చూస్తే రెండు, రెండు, మూడు, రెండు అని ఉంటుంది. అలాంటిదాన్ని విన్‌లో కాయడం నాకు నచ్చదు. దాని స్వభావానికి తగ్గ టికెట్ కొనాలి.

ఇప్పుడు పన్ను. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రేసులను 28 శాతంలో పెట్టారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. అదీ గెలిచినదాని మీద కాదు, పందెం పూర్తి విలువ మీద. కాగితం మీద వేసి చూడండి. వంద రూపాయల పందానికి అసలు ఖర్చు 140 అనుకుందాం. 6/10 ఫేవరెట్ గెలిస్తే చేతికి వచ్చేది 160. అంటే అలాంటి ఫేవరెట్లు ఎనిమిదింటిలో ఏడు గెలిస్తేనే మనం ఉన్నచోట ఉంటాం. పన్ను లేకపోతే ఎనిమిదింటిలో ఐదు చాలు. వందకు వంద లాభమిచ్చే సమాన ధర గుర్రమైతే పదింటిలో ఏడు గెలవాలి. ఇంత నమ్మకంగా గెలిచే గుర్రాలు ఏ కొట్టంలోనూ ఉండవు.

7/1 గుర్రానికి లెక్క వేరు. గెలిస్తే 800 వస్తుంది. పన్ను లేనప్పుడు ఎనిమిదిసార్లలో ఒకసారి గెలిస్తే సరిపోయేది, ఇప్పుడు ఆరింటిలో ఒకటికి కాస్త పైన గెలవాలి. దెబ్బ దీనికీ తగిలింది, కానీ రేస్ బుక్ చదివి, ప్యాడక్‌లో కళ్ళు పెట్టేవాళ్ళు ఆ తేడాను పూడ్చగలరు. ఫేవరెట్ మీద పూడ్చలేరు.

ప్లేస్ టికెట్‌లోనూ ఇదే చూడాలి. ఫేవరెట్ ప్లేస్‌కు పది రూపాయలకు 11, 12 ఇవ్వడం మామూలే. టికెట్ ఖర్చు 14 అయినప్పుడు 12 వస్తే టికెట్ గెలిచింది, డబ్బు పోయింది. నా పుస్తకంలో కిందటి సీజన్ ప్లేస్ టికెట్లు అన్నీ తిరగేశాను. డివిడెండ్ (పది రూపాయల టికెట్‌కు వచ్చేది) 14 దాటనివి ఒక పక్కకు తీసేస్తే మిగిలినవన్నీ 5/1 నుంచి 10/1 మధ్య గుర్రాలే. ఈ సీజన్ మొత్తం ఆ గీత లోపలే ఉన్నాను.

జాక్‌పాట్ ఇష్టపడేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకూ ఒక లెక్క చెప్తాను. వరసగా ఐదు రేసుల విజేతలను చెప్పాలి. ఒక్కో రేసులో రెండు, మూడు, రెండు, మూడు, రెండు గుర్రాలు వేస్తే 72 కలయికలు. పది రూపాయల చొప్పున 720, పన్నుతో 1,008. పూల్‌లో (అందరూ కాసిన డబ్బులో) 70 శాతం అన్నీ చెప్పినవాళ్ళకు, 30 శాతం కన్సొలేషన్ (ఊరట) బహుమతికి వెళ్తుంది. నా రోజు బడ్జెట్ మొత్తం ఒక్క టికెట్‌లో పోతుంది, మూడో రేసులోనే ఓ ఫ్లూక్ గుర్రం వస్తే మధ్యాహ్నమంతా ముగిసినట్టే. అందుకని నేను దూరంగా ఉంటాను. ఇంకొకటి: పెద్ద మొత్తం గెలిస్తే, అది పది వేలు దాటితే, 30 శాతం ఆదాయపు పన్ను ముందే కోసి ఇస్తారు. పోయిన పందేలను చూపించి ఆ పన్ను తగ్గించుకునే వీలు లేదు.

ఇంట్లోవాళ్ళు దీన్ని జూదం అంటారు. మా అత్తయ్య ఇప్పటికీ అంటుంది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందాలు నైపుణ్యం మీద ఆధారపడినవని తీర్పు ఇచ్చిందని చెప్తే, "కోర్టు చెప్పిందని డబ్బు వస్తదా?" అని అడిగింది. సరైన ప్రశ్నే. నైపుణ్యం ఉందని కోర్టు ఒప్పుకున్నది గుర్రం పెంపకంలో, శిక్షణలో, స్వారీలో, వాటిని చదివి అంచనా వేయడంలో. పేరు బాగుందని, పుట్టినరోజు నంబరని కాసే మనిషికి ఆ తీర్పు వర్తించదని నా అభిప్రాయం.

ఈ సీజన్‌లో డబ్బు పోయినవి కూడా చెప్పాలి. అన్నిటికన్నా బాధపెట్టింది ఒక 1,400 మీటర్ల రేసు. ముందు పరిగెత్తే చెస్ట్‌నట్ (ఎర్ర గోధుమ రంగు) గుర్రం, గట్టి నేల మీద రెండుసార్లు గెలిచింది, బరువు తక్కువ, ప్యాడక్‌లో బంగారంలా ఉంది. విన్, ప్లేస్ తీసుకున్నాను. టికెట్ చేతికి వచ్చాక వాన దంచింది. పదిహేను నిమిషాల్లో ట్రాక్ స్వభావమే మారిపోయింది. మెత్తని నేలలో ముందు పరిగెత్తే గుర్రానికి ప్రతి అడుగూ లోపలికి దిగుతుంది, వెనకవాళ్ళు దాని శ్రమను వాడుకుంటారు. మలుపు దాకా నాలుగు లెంగ్త్‌ల (గుర్రం పొడవుల) ముందుంది, స్ట్రెయిట్‌లో ఒక్కొక్కటే దాటుకుంటూ పోయాయి. ఆ గుర్రం మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు. కింద దాని సంగతి మళ్ళీ వస్తుంది.

టిప్‌ల సేవ గురించి మాత్రం కోపంగానే రాస్తున్నాను. వాట్సాప్‌లో చందా కట్టించుకుని 'ష్యూర్ షాట్' పంపే ఒక గ్రూపులో నేను చేరాను. పేరు రాయను. మా ఆఫీసులో ఒకతను కూడా అదే చందా కట్టాడు. ఒక శనివారం ఇద్దరం ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశాం. ఒకే రేసుకు నాకు 3 నంబరు వచ్చింది, అతనికి 8. రెండింటి కిందా 'ట్రైనర్ నుంచి నేరుగా' అని రాసి ఉంది. ఎనిమిది గుర్రాల రేసుకు ఎనిమిది గుంపులు పెట్టుకుంటే ఒక గుంపుకు టిప్ ఎప్పుడూ నిజమే అవుతుంది. ఆ గుంపువాళ్ళు వచ్చే నెల చందా ఇంకో రెండింతలు కడతారు. సాయంత్రానికి ఓడిన టిప్‌ల మెసేజీలు డిలీట్ అయిపోయాయి. ఇలాంటివాటికి నా మార్కు సున్నా. ఫోన్లో పందెం తీసుకుంటామనేవాళ్ళ జోలికి కూడా వెళ్ళకండి. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించారు, అక్కడ గెలిచినా డబ్బు అడగడానికి మీకు ఎవరూ ఉండరు.

ఆ చందా డబ్బులో కొంచెం పెడితే రేస్ బుక్ వస్తుంది. అందులో ఉన్నంత సమాచారం ఏ టిప్పులోనూ లేదు. గుర్రం తండ్రి, తల్లి, గత పరుగులు, మోసిన బరువు, ఎంత తేడాతో ఓడింది, అన్నీ ఉంటాయి. కొత్తవాళ్ళు ట్రాక్ వర్క్ చదివేటప్పుడు సెకన్ల కన్నా పక్కన ఉన్న మాటను చూడండి. 600 మీటర్లు 43లో వచ్చి 'పుష్డ్' అని ఉంటే కొట్టి పరిగెత్తించారని. 46లో వచ్చి 'ఈజీ' అని ఉంటే లోపల ఇంకా ఉందని. నేను రెండోదానికే డబ్బు పెడతాను.

ఇక రాబోయేవి. ఆనవాయితీగా డెక్కన్ డెర్బీ అక్టోబర్ 2న, 2,000 మీటర్లు. డిక్లరేషన్లు (ఏ గుర్రాలు దిగుతాయో చెప్పే జాబితా) ఇంకా రాలేదు కాబట్టి గుర్రాల పేర్లు రాయడం లేదు. పేరు రాస్తే చాలామంది కారణం చదవరు కూడా. రికార్డు చూసి ఏ గుర్రమో మీరే పోల్చుకోగలరు.

డెర్బీ మామూలు హ్యాండీక్యాప్ రేసు కాదు. హ్యాండీక్యాప్‌లో బలమైన గుర్రానికి ఎక్కువ బరువు వేసి బలహీనమైనదాన్ని దగ్గరకు తెస్తారు. ఇక్కడ బరువులు దాదాపు సమానం, ఆడ గుర్రాలకు కొంచెం తగ్గింపు. కాబట్టి నిజంగా గొప్ప గుర్రం ఉంటే అదే గెలుస్తుంది, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు కాబట్టి ధర పడిపోతుంది. బయటి ఊళ్ళ నుంచి పెద్ద జాకీలు వస్తారు, వాళ్ళ పేరు చూసి ధర ఇంకా కిందికి దిగుతుంది. ఆ ఫేవరెట్‌ను నేను కళ్ళారా చూస్తాను, చప్పట్లు కొడతాను, టికెట్ మాత్రం కొనను. పైన లెక్క చెప్పాను కదా.

నా డబ్బు వెళ్ళేది ఒక ఆడ గుర్రం మీద, ఎస్‌హెచ్‌పీలో. ఈ సీజన్‌లో 1,600 మీటర్ల రేసులో చివరి నుంచి వచ్చి మూడోది అయింది, గీత దాటాక కూడా ఇంకా ముందుకే పోతోంది, జాకీ ఆపడానికి కష్టపడ్డాడు. 400 మీటర్లు ఎక్కువైతే దానికి మేలే. తల్లి వైపు కూడా దూరం పరిగెత్తిన గుర్రాలే ఉన్నాయి. బరువు తగ్గింపు అదనం. ముందుండే మగ గుర్రాన్ని దాటుతుందని నేను అనను. మిగతా అందరినీ దాటుతుందని అంటాను. ధర 6/1కి పైన ఉంటే ప్లేస్ కూడా కలుపుతాను. 4/1కి దిగితే ఎస్‌హెచ్‌పీ ఒక్కటే. డెర్బీ రోజు జనం, బ్యాండు, మైకుల మధ్య ప్యాడక్‌లో బెదిరితే అదీ ఉండదు. ఆ మాట చిన్నాయన చెప్పాలి.

పైన చెప్పిన 7 నంబరు ఆడ గుర్రం మళ్ళీ వస్తుంది. రెండోదిగా వచ్చింది కాబట్టి రేటింగ్ పెద్దగా పెరగదు, అదే క్లాసులో ఉంటుందని నా అంచనా. 1,400 మీటర్లలో వేస్తే ఈసారి విన్ కూడా కొంటాను, అదే అప్రెంటిస్ ఎక్కితేనే. కిందటి రేసు చూసి జనం మీద పడి ధర 3/1కి వస్తే వదిలేస్తాను. దూరం తగ్గించి 1,100కి దింపితే దాని జోలికే వెళ్ళను, వేగం అందుకునేలోపు రేసు అయిపోతుంది.

ఇంకా పరుగే తీయని కుర్ర గుర్రాల రేసుల్లో నేను కాయడం లేదు. మాక్ రేస్‌లో (సాధన కోసం పెట్టే ఉత్తుత్తి రేసులో) ఎలా వచ్చాయో తప్ప చదవడానికి ఏమీ ఉండదు. కానీ చిన్నాయనకు ఆ రేసులంటే ప్రాణం. కొత్త గుర్రం నడక చూసి అది వచ్చే ఏడాది ఏమవుతుందో చెప్పడం ఆయన సరదా, నేను ఆయన మాటలు నోట్ చేసుకుంటాను. ఆ పేజీలు శీతాకాలం సీజన్‌లో పనికొస్తాయి.

వానలో ఓడిన చెస్ట్‌నట్‌ను ఈ సీజన్‌లో మళ్ళీ పరిగెత్తించినా నేను ఆగుతాను. నవంబర్‌లో శీతాకాలం రేసులు మొదలయ్యాక, నేల గట్టిపడ్డాక, 1,200 లేదా 1,400లో దాని పేరు కనిపించిన రోజు ధర చూస్తాను. వానలో పడిన ఆ ఓటమి రికార్డులో ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని దాటేసి చూస్తారు, 8/1 దాకా దొరకొచ్చు. ఆ ధర ఉంటే ప్లేస్‌తో పాటు విన్ కూడా. మధ్యలో ట్రైనర్ దాన్ని 1,600కి మారిస్తే మాత్రం ఈ ఎంపిక రద్దు.

డెర్బీ డిక్లరేషన్లు వచ్చాక ఆ ఆడ గుర్రం జాకీ ఎవరో, డ్రా ఎంతో (ఏ గేటు నుంచి బయలుదేరుతుందో) చూసి ఒక్క మాట కలుపుతాను. పదికి పైగా గుర్రాలు దిగి, దానికి బయటి గేటు పడితే ప్లేస్ తీసేసి ఎస్‌హెచ్‌పీలో సగమే ఉంచుతాను.